ఎక్కాల్సిన మనిషి

పోయిన వారం మనం ఇంజనమ్మను విమానాల షెడ్డులో, విచారణకొచ్చిన ఆఫీసరు ముందు నిలబెట్టి వదిలేశాం. పాపం, వారం నుంచీ ఆవిడ అక్కడే నిలబడి ఉంది. ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ళ కోసం జరిగిందేమిటో రెండు ముక్కల్లో చెప్పి, ఆవిడ కాళ్ళు పీకకముందే కథలోకి వెళ్ళిపోదాం.

అదొక విమాన శిక్షణ బడి. ఉన్నవి రెండే విమానాలు, రెండూ ఇద్దరు కూర్చునేవే. బడి యజమాని ఇంజనమ్మకు బావగారు. పాఠాలు చెప్పే పైలట్ ఆయన తమ్ముడు, అంటే ఇంజనమ్మ భర్త. ఇంటా బయటా అందరూ ఆయన్ని కెప్టెన్ అనే అంటారు. విమానాలు విప్పి, బాగుచేసి, ఎగరడానికి పనికొస్తాయని సంతకం పెట్టేది ఇంజనమ్మ. ఆ బడిలో మొదట్నుంచీ ఒక కట్టుబాటుంది. ఏ విమానం బాగుచేసినా, అది మళ్ళీ మొదటిసారి గాల్లోకి లేచేటప్పుడు బాగుచేసిన మనిషి పక్కసీట్లో కూర్చోవాలి. నువ్వు బిగించిన బోల్టు మీద నీకు నమ్మకముంటే ఎక్కి చూపించు, అంతే. ఇంజనమ్మ ఏనాడూ తప్పించుకోలేదు. ఆ ఒక్కరోజు తప్ప.

ఆ రోజు ఆవిడ పసుపు విమానం కార్బ్యురేటర్ శుభ్రం చేసి బిగించింది. కెప్టెన్ పక్కన ఎక్కి బెల్టు కూడా పెట్టుకుంది. అంతలో కూతురు పరిగెత్తుకొచ్చింది. పైలట్ చదువు చదువుతున్న పిల్ల, చిన్నప్పటి నుంచీ అందరూ పిడుగు అనే పిలుస్తారు. 'నువ్వు దిగమ్మా, నేనెక్కుతా' అని ప్రాణం తీసింది. తల్లి దిగింది, పిల్ల ఎక్కింది. గంట తిరక్కుండా ఆ పసుపు విమానం మిట్టమధ్యాహ్నం హైవే మీద, బస్సులకీ లారీలకీ మధ్య వచ్చి దిగింది. దాని రెక్క కొస ఒక పాల టాంకరు అద్దాన్ని ఎగరగొట్టింది. ఎవరి ప్రాణమూ పోలేదు. ఇంజన్ గాల్లో ఆగిపోయిందని కెప్టెన్ చెప్పాడు. ఆగిపోయిన ఇంజన్‌తో అంత రద్దీలో పిల్లకి పెద్ద దెబ్బ తగలకుండా దింపాడని జనం ఆయన్ని భుజాల మీద మోశారు. ఇంజన్ బాగుచేసి కూడా ఎక్కకుండా దిగిపోయిందేమిటని ఆవిడ వైపు చూశారు. ఆఫీసరు అడిగిందీ అదే.

"మా అమ్మాయి అడిగిందండీ, అందుకే దిగాను," అంది ఇంజనమ్మ.

"అడిగితే దిగిపోతారా?"

"ఇంతకుముందు ఎప్పుడూ అడగలేదండీ. సరదా పడుతోంది కదా అనుకున్నాను."

అది నిజమే. కానీ నిజం కూడా ఒక్కోసారి బయటికొచ్చేసరికి అబద్ధంలా ఉంటుంది. వెనకాల నిలబడ్డ బావగారు గొంతు సవరించుకున్నారు. ఆయన చెడ్డమనిషేం కాదు. బడి మూతపడితే ఏమైపోతానో అన్న భయం తప్ప ఆయనకు ఇంకో ఆలోచన లేదు.

"అమ్మాయ్, మనలో మన మాట. చెయ్యి జారడం ఎవరికైనా ఉంటుంది," అన్నారు ఆయన మెల్లగా. "ఏదో వదులుగా బిగించానని నువ్వే ముందు చెప్పేస్తే సారు కూడా అర్థం చేసుకుంటారు. విచారణ సాగదీస్తే మనకే చేటు."

"చూడకుండా ఎలా చెప్పను బావగారూ? చూశాక, నాదే అయితే నాదే అంటాను."

పైకి అలా అంది గానీ, తన తప్పే అయి ఉంటుందని ఆవిడ అప్పటికే దాదాపు ఒప్పేసుకుంది. ఇంట్లో కూర్చున్నా నుంచున్నా కార్బ్యురేటర్ మరలు కళ్ళముందు తిరుగుతున్నాయి. ఫలానా మర రెండోసారి బిగించానా? ఆ సన్నని గొట్టం ఊది చూశానా? చూశాననే గుర్తు. కానీ రోజూ చేసే పని గుర్తుకు రావడమంటే ఏ రోజుది గుర్తొస్తోందో ఎవరు చెప్పగలరు? తన చేతిపని వల్ల కూతురూ మొగుడూ లారీల కింద పడి పోయేవాళ్ళన్న మాట ఒక్క క్షణం కూడా వదలడం లేదు.

రోడ్డు మీద నుంచి విమానాన్ని రెక్కలు విప్పి లారీలో తెచ్చి షెడ్డులో పెట్టారు. రెక్కలు లేకపోతే ఎంత విమానమైనా ఈకలు పీకిన కోడిలా ఉంటుంది. చక్రాలకు చెక్కదిమ్మలు అడ్డం పెట్టి, తోకను తాళ్ళతో స్తంభానికి కట్టారు. పెట్రోలు టాంకులుండేది రెక్కల్లోనే కాబట్టి, ఆ టాంకుల్లో మిగిలిన పెట్రోలే ఒక డబ్బాలోకి వంపి, ఎత్తయిన స్టాండు మీద పెట్టి, గొట్టం ఇంజన్‌కు తగిలించారు. కొత్త పెట్రోలు పొయ్యడానికి ఆఫీసరు ఒప్పుకోలేదు. ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉండాలి, ఒక్క మర కూడా ముట్టుకోకూడదన్నాడు.

కెప్టెన్ షెడ్డు తలుపు దగ్గర నిలబడ్డాడు. నుదుటి మీద కట్టు ఇంకా ఉంది. పిడుగు ఆయనకు కాస్త దూరంగా, వాచిన మణికట్టును రెండో చేత్తో పట్టుకుని నిలబడింది. తండ్రి నీడలా తిరిగే పిల్ల, ఆ రోజు నుంచీ ఆయన ఉన్న గదిలో కూర్చోవడం లేదు. భయపడింది, పోనీలే అనుకుంది తల్లి.

"మీరే స్టార్ట్ చెయ్యండమ్మా," అన్నాడు ఆఫీసరు. "దగ్గితే ఎలా దగ్గుతుందో, ఎక్కడ ఆగుతుందో నేను వింటాను."

ఇంజనమ్మ ఎక్కి కూర్చుంది. సీట్ల మధ్య ముందుపక్క ఉండే ఎర్ర మీట లోపలికి నొక్కింది. అది నొక్కితేనే ఇంజన్‌కు పెట్రోలు అందుతుంది, లాగితే ఆగిపోతుంది. చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. దేవుడా, నాదే అయితే త్వరగా తేల్చెయ్యి అనుకుని తాళం తిప్పింది.

ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది.

దగ్గలేదు, తుమ్మలేదు. ముందున్న పంకా గిర్రున తిరిగి కంటికి కనబడకుండా పోయింది. గాలికి బెంచీ మీది గుడ్డలు ఎగిరిపోయాయి. ఆఫీసరు వేలు పైకెత్తాడు. ఆవిడ వేగం పెంచింది. ఇంకా పెంచమన్నాడు, పెంచింది. తగ్గించమన్నాడు, మళ్ళీ ఒక్కసారిగా పెంచమన్నాడు. విమానం తాళ్ళు తెంపుకుంటుందేమో అన్నంత ఊగింది గానీ ఇంజన్ మాత్రం ఒకే శ్రుతిలో పాడుతూ ఉంది. డబ్బాలో పెట్రోలు అడుగంటేదాకా నడిపించాడు ఆయన. అది మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు.

వేరే ఎవరైనా అయితే ఆ క్షణాన ఎగిరి గంతేసేవాళ్ళు. ఇంజనమ్మ తాళం మీద నుంచి చెయ్యి కూడా తియ్యలేదు. తన తప్పు కాదని ఇంత బ్రహ్మాండంగా తేలిపోతే మరి ఆ రోజు ఆగిందేమిటి? ఆవిడ తల ఎత్తి అద్దంలోంచి చూసింది. బావగారు నోరు తెరిచి ఇంజన్ వైపు చూస్తున్నారు. ఆఫీసరు ఇంజన్ వైపే చూస్తున్నాడు. కెప్టెన్ ఒక్కడే ఇంజన్ వైపు చూడటం లేదు. ఆయన కూతుర్ని చూస్తున్నాడు. ఆయన ముఖంలో ఆశ్చర్యం మచ్చుకైనా లేదు.

ఇన్నేళ్ళు కాపురం చేసిన ఆడదానికి ఆ ముఖం చదవడానికి కళ్ళద్దాలు అక్కర్లేదు. ఈ ఇంజన్ ఆగదని ఆయనకు తెలుసు.

"నాకైతే ఆగడానికి కారణమేదీ కనబడలేదమ్మా," అన్నాడు ఆఫీసరు ఆవిడ దిగాక. "గొట్టాలన్నీ నిన్ననే చూశాను. పెట్రోలు శుభ్రంగా ఉంది. కాస్త టీ తాగి, అందర్నీ మళ్ళీ ఒకసారి కూర్చోబెట్టి అడుగుతాను."

బావగారు ఆయన్ని ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళారు. కెప్టెన్ అప్పటికే తలుపు దగ్గర లేడు. ఇంజనమ్మ కూతురి చెయ్యి పట్టుకుని సామాన్ల గదిలోకి లాక్కెళ్ళి తలుపు మూసింది. టైర్లూ నూనె డబ్బాలూ పోగా ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడేంత చోటుంటుంది ఆ గదిలో.

"చెప్పవే."

"ఏం చెప్పాలమ్మా?"

"ఇంజన్ ఆగిందా?"

పిడుగు తల వంచుకుంది.

"నా మొహం చూసి చెప్పు. నా చేత్తో బిగించింది గాల్లో ఆగిందా?"

"రోడ్డు మీద ఆగింది," అంది పిల్ల. "నేను ఆపాను. చక్రాలు తగిలాక. అటూ ఇటూ మనుషులు దిగి పరిగెడుతున్నారు, పంకా తిరుగుతుంటే ఎవరో ఒకరు దాని మీద పడతారని ఎర్ర మీట లాగేశాను. ఆ పాల టాంకరు అతను పంకా ఆగి ఉండగా చూశాడు. అందుకే నాన్న చెప్పింది అందరూ నమ్మారు."

"నువ్వు ఆపడమేమిటి? నాన్న ఏం చేస్తున్నారు?"

పిడుగు పెదవి కొరుక్కుంది. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోయినా ఏడవని పిల్ల, ఇప్పుడు కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుంది.

"నాన్నకి స్పృహ లేదమ్మా."

ఇంజనమ్మ వెనక్కి అడుగువేసి టైర్ల మీద కూలబడింది. 

"మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయాడు. చూస్తే తల వాలిపోయి ఉంది. మనిషి మొత్తం స్టీరింగ్ మీదికి ఒరిగిపోయాడు, విమానం ముక్కు కిందికి దిగిపోతోంది. మోచేత్తో ఆయన్ని వెనక్కి నెట్టి పట్టుకుని నా ముందున్న రెండో స్టీరింగ్ లాగాను. మన మైదానానికి తిప్పుదామంటే తిప్పినప్పుడల్లా ఆయన నా మీద పడిపోతున్నాడు. ఎదురుగా రోడ్డు తిన్నగా ఉంది. ఇంకేం ఆలోచించలేదమ్మా. పడితే పడ్డామనుకున్నాను."

"నువ్వు దింపావా? ఆ లారీల మధ్య, ఒంటిచేత్తో?"

"ఆ. ఆ టాంకరు అతను బ్రేకు వెయ్యకపోతే అయిపోయేవాళ్ళం."

ఈ పిల్లనా నేను నిన్న గ్లాసు పగలగొట్టిందని తిట్టింది అనుకుంది తల్లి. గట్టిగా పట్టుకుని ఏడవాలనిపించింది. కానీ అడగాల్సింది ఇంకా ఉంది, అది అడగాలంటేనే భయంగా ఉంది.

"ఆయనకి ఎప్పుడు తెలివొచ్చింది?"

"జనం తలుపు తీస్తున్నప్పుడు. కళ్ళు తెరిచి చుట్టూ చూశాడు. ఒక్క క్షణం అంతే. 'ఇంజన్ ఆగిపోయింది' అన్నాడు వాళ్ళతో. నాకేసి చూశాడు. నేను నోరు మూసుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదే? నన్ను అందరూ దొంగని చూసినట్టు చూస్తుంటే నీకెలా ఊరుకోబుద్ధయింది?"

"ఒట్టేయించుకున్నాడమ్మా. ఇప్పుడు కాదు, అంతకుముందే. నాకు పాఠం చెబుతూ ఒకసారి ఇలాగే అయింది. ఊరికే ఒక్క నిమిషం. నీకూ పెదనాన్నకీ చెబితే ఇక తను బతికుండి లాభం లేదన్నాడు. చెప్పనని ఒట్టేశాను. అందుకే..." పిల్ల ఆగింది.

"అందుకే?"

"అందుకేగా ఆ రోజు నిన్ను దింపేసింది. నీకు విమానం విప్పడం వచ్చు, బిగించడం వచ్చు. దింపడం రాదు కదమ్మా. పైన ఆయన పడిపోతే నువ్వేం చేసేదానివి?"

ఇంజనమ్మకు ఇప్పుడర్థమైంది. బెల్టు పెట్టుకుని కూర్చున్న తనను సరదా కోసం దింపేసిందనుకున్న పిల్ల, తన చావుకు అడ్డొచ్చి ఆ సీట్లో కూర్చుంది. ఎవరికీ చెప్పలేక, ఎవరినీ ఆపలేక, తనే ఎక్కేసింది. ఇంత బరువు మోస్తూ ఇన్నాళ్ళు ఈ ఇంట్లోనే తిరిగింది, కన్నతల్లికి పసిగట్టడం చేతకాలేదు.

తలుపు తెరుచుకుంది. కెప్టెన్ లోపలికొచ్చి తలుపు మళ్ళీ మూశాడు. ఇద్దరి ముఖాలూ చూశాడు. ఇక దాచేదేమీ లేదని ఆయనకు అర్థమైంది.

"నీతో నేనే చెబుదామనుకున్నాను," అన్నాడు.

"ఎప్పుడండీ? నా సంతకం హక్కు పీకేశాకా?"

"అలా అనకు. నువ్వు పొరపాటు చేశావంటే ఓ ఆరునెలలు పక్కన కూర్చోమంటారు. మళ్ళీ ఇస్తారు. నాది జబ్బని తెలిస్తే జన్మలో మళ్ళీ ఎక్కనివ్వరు. నాకు ఇంకో పని రాదు. నేల మీద నేనెందుకు పనికొస్తానో నువ్వే చెప్పు."

ఆ చివరి మాటకు ఆవిడ గుండె ఒక్క క్షణం కరిగింది కూడా. పెళ్ళైన కొత్తలో ఆయన ఆకాశం చూసి వాతావరణం చెబుతుంటే మురిసిపోయిన మనిషే ఆవిడ. కానీ వెంటనే ఇంకో సంగతి గుర్తుకొచ్చి, కరిగింది కాస్తా గడ్డకట్టింది.

"ఆ రోజు ఎక్కాల్సింది నేను," అంది నెమ్మదిగా. "బెల్టు పెట్టుకుని మీ పక్కన కూర్చున్నాను. మీకు ఒకసారి అలా అయిందని అప్పటికే మీకు తెలుసు. తెలిసే నన్ను ఎక్కించుకున్నారా?"

కెప్టెన్ పక్కనున్న నూనె డబ్బా మూత బిగించసాగాడు.

"ఒక్కమాట చెప్పండి. ఇది అడ్డం పడకపోతే నన్ను తీసుకునే లేచేవారా?"

"మళ్ళీ వస్తుందనుకోలేదు," అన్నాడు ఆయన గోడవైపు చూస్తూ.

ఇంజనమ్మ లేచింది.  తలుపు తీసుకుని తిన్నగా షెడ్డులోకి నడిచింది. వెనకాల ఆయన పిలుస్తున్నా వినిపించుకోలేదు. ఆఫీసరూ బావగారూ టీ తాగి అప్పుడే విమానం దగ్గరికి వచ్చారు.

"సార్, ఆ రోజు ఇంజన్ ఆగలేదు," అంది ఆవిడ.

ఆఫీసరు కనుబొమలు పైకి లేచాయి. "మరి?"

ఆవిడ నోరు తెరిచేలోపే వెనక నుంచి కెప్టెన్ గొంతు వినబడింది. పాఠం చెప్పేటప్పటి గొంతు, ఎక్కడా తొణకని గొంతు.

"ఆవిడ చెప్పింది నిజమే సార్. ఇంజన్ దానంతటది ఆగలేదు. మా అమ్మాయి కంగారులో గాల్లోనే ఎర్ర మీట లాగేసింది. మళ్ళీ స్టార్ట్ చేసే ఎత్తు లేదు. రోడ్డు మీద దింపక తప్పలేదు. తండ్రిని కదా, పిల్ల చదువు పాడవుతుందని ఇంజన్ మీదికి నెట్టాను. తప్పే. క్షమించండి."

 ఇంజనమ్మ వెనక్కి తిరిగి మొగుడి వైపు చూసింది. ఇంతకాలం ఈయన పక్కన పడుకున్నానా అనిపించింది. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు నిజమైనవే, అందుకే ఆవిడకు మరీ భయం వేసింది.

"అబద్ధం సార్," అంది. "ఆయనకి పైన స్పృహ తప్పింది. విమానం దింపింది ఈ పిల్ల."

"నీ సంతకం నువ్వు కాపాడుకోవాలి, నాకు తెలుసు," అన్నాడు కెప్టెన్ జాలిగా. "ఇప్పుడు నీ తప్పేం లేదని చెప్పేశానుగా. ఇక ఈ మాటలెందుకు?"

ఆఫీసరు ఆవిణ్ణీ ఆయన్నీ మార్చి మార్చి చూసి, పిడుగు వైపు తిరిగాడు.

"ఆ విమానంలో ఉంది మీరిద్దరే. నువ్వు చెప్పమ్మా. తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పు. గాల్లో మీట లాగింది నువ్వే అయితే నీకు పైలట్ చదువు ఇక్కడితో ఆఖరు. మీ అమ్మ చెప్పింది నిజమైతే మీ నాన్న మళ్ళీ విమానం ఎక్కడు."

పిడుగు తండ్రిని చూసింది. ఆయన ఏమీ అడగలేదు, తల కూడా ఆడించలేదు. కూతుర్ని అలా చూస్తూ నిలబడ్డాడు, అంతే.   తను బతికుండి లాభం లేదన్న మాట పిల్ల చెవుల్లో ఇంకా ఉంది.

"నిజం చెప్పవే," అంది తల్లి. "నీకు దండం పెడతాను, నిజం చెప్పు."

"నేనే లాగాను సార్," అంది పిడుగు.

"గాల్లోనా?"

"గాల్లోనే. అమ్మకి తెలీదు. భయపడి అమ్మతో ఏదేదో చెప్పాను."

ఇంజనమ్మ విమానం తలుపు పట్టుకుంది. ఆఫీసరు ఏదో అంటున్నాడు, కాగితాలు రేపు పంపిస్తానని, ఇవాళ్టికి ఇంక అడిగేదేమీ లేదని. ఆవిడ అడ్డం పడి మళ్ళీ చెప్పబోయింది గానీ ఆయన ముఖంలో అప్పటికే జాలి చేరింది. కూతురి తప్పు కప్పిపుచ్చడానికి మొగుణ్ణి జబ్బుమనిషిని చేస్తున్న తల్లిని చూసినట్టు చూసి, తల పంకించి బయటికి నడిచాడు.

బావగారు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నారు. ఆయనకు ఎంత సంతోషంగా ఉందంటే, పిడుగు ఏడుస్తోందని కూడా చూడలేదు. బడి మూతపడదు, విమానం మంచిదే, పైలట్ మంచివాడే. పిల్ల తప్పు పిల్లతో పోయింది. తమ్ముడి భుజం మీద చెయ్యి వేశారు.

"అయిందేదో అయింది. రేపట్నుంచి రెండో విమానం మీద పాఠాలు మొదలుపెట్టేద్దాం. ఎవరో ఎందుకు, మొదటి పాఠం మా అబ్బాయికే చెప్పు. నెల రోజుల నుంచీ బాబాయితో ఎక్కుతానని నా ప్రాణం తోడేస్తున్నాడు."

పిడుగు ఏడుపు ఠక్కున ఆగిపోయింది. తల్లి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కెప్టెన్ వైపు చూశారు.

ఆయన నుదుటి మీది కట్టు ఒకసారి తడుముకున్నాడు.

"అలాగే అన్నయ్యా," అన్నాడు. "పొద్దున్నే తీసుకురా."